నార్త్ డకోటా పల్లె కౌంటీకి వస్తున్నవాళ్లకు: చలి కంటే ముందు గాలి గురించి తెలుసుకోండి

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీవారికి వీసా వేవర్ (విదేశీ డాక్టర్లు శిక్షణ అయ్యాక స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న నియమం నుంచి మినహాయింపు) మీద నార్త్ డకోటాలో, బిస్మార్క్‌కూ జేమ్స్‌టౌన్‌కూ నడుమ కిడర్ కౌంటీ వైపు డాక్టర్ ఉద్యోగం వచ్చింది. నవంబర్‌లో హ్యూస్టన్ నుంచి కదులుతున్నారు. మూడేళ్ల పాప ఉంది. "మైనస్ నలభై అంటున్నారు, అక్కడ మనలాంటివాళ్లు ఉండగలరా? అసలు అక్కడి వాతావరణం ఏమిటి? ఏం సిద్ధం చేసుకోవాలి?" అని అడిగారు. చూసిన వీడియోలన్నీ టెన్షన్ పెంచాయన్నారు.

నాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు మెట్ట సేద్యం చేసే కుటుంబం. 2006లో ఫార్గోలోని నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీలో సాయిల్ సైన్స్ చదవడానికి వచ్చి, ఈ రాష్ట్రంలోనే ఉండిపోయాను. ఇప్పుడు బిస్మార్క్‌లో ఉంటూ కిడర్, స్టట్స్‌మన్ కౌంటీల పొలాల్లో మట్టి, తేమ చూసే పని చేస్తున్నాను. ఇద్దరు పిల్లల్ని ఇక్కడే పెంచాను. మీరు రాబోయే ఆ రోడ్డు మీద ఏడాది పొడవునా తిరిగేదాన్ని కాబట్టి, తెలిసినదంతా వివరంగా చెబుతాను.

ముందు ఒక్క మాట. చలికి ఇక్కడ ప్రతి ఇంట్లో, ప్రతి బడిలో, ప్రతి కారులో ఏర్పాటు ఉంటుంది. గాలికి అలాంటి ఏర్పాటు ఏదీ లేదు. ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్లు థర్మామీటర్ చూసి భయపడతారు, గాలి వేగం మాత్రం చూడరు. ఇన్నేళ్లలో నాకు తెలిసి నిజంగా ప్రమాదంలో పడినవాళ్లు అందరూ గాలిని తక్కువ అంచనా వేసినవాళ్లే. కాబట్టి నేను చెప్పే వాటిలో ఎక్కువ భాగం గాలి చుట్టూనే తిరుగుతుంది.

మ్యాప్ తీసి చూడండి. కిడర్ కౌంటీ ఉత్తర అమెరికా ఖండానికి దాదాపు నట్టనడుమ ఉంది. ఆ కౌంటీలోని రాబిన్సన్ అనే చిన్న ఊరు ఖండానికి కేంద్రం తామేనని చెప్పుకుంటుంది. ఉత్తరాన రగ్బీ అనే ఊరిలో 1930ల మొదటి నుంచీ అదే మాట చెప్పే రాతి స్తంభం ఉంది. కేంద్రం ఎవరిదైనా, మనకు కావలసింది ఒక్కటే: ఇక్కడికి సముద్రం చాలా దూరం. సముద్రం ఎండాకాలంలో వేడిని తనలో దాచుకుని చలికాలంలో నెమ్మదిగా వదులుతుంది. మన కోస్తాలో చలి పెద్దగా ఉండకపోవడానికి అది కూడా ఒక కారణం. ఇక్కడ ఆ సాయం లేదు. భూమి త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చల్లారుతుంది. పడమట రాకీ పర్వతాలు పసిఫిక్ తేమను చాలావరకు అక్కడే ఆపేస్తాయి. ఉత్తరాన మాత్రం అడ్డం ఏమీ లేదు. ఆర్కిటిక్ వైపు నుంచి బయల్దేరిన చల్లగాలి కెనడా మైదానం మీదుగా నేరుగా వచ్చేస్తుంది. దక్షిణాన కూడా అడ్డం లేదు. మీ హ్యూస్టన్ పక్కనే ఉన్న గల్ఫ్ నుంచి లేచిన తేమ గాలే జూన్‌లో ఇక్కడిదాకా వచ్చి ఉరుముల వానగా కురుస్తుంది. ఈ రెండు గాలుల్లో ఏది గెలిస్తే ఆ రోజు వాతావరణం అది. అందుకే ఇక్కడ నిన్నటికీ ఇవాళ్టికీ పొంతన ఉండదు.

ఎంత తేడా రాగలదో చెప్పడానికి 1936 ఒక్కటి చాలు. ఆ ఏడాది ఫిబ్రవరి 15న రాష్ట్రంలో వాయవ్యాన ఉన్న పార్షల్‌లో మైనస్ 60 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది, అంటే మైనస్ 51 సెల్సియస్. అదే ఏడాది జులై 6న మీ కిడర్ కౌంటీ ముఖ్య పట్టణం స్టీల్‌లో 121 ఫారెన్‌హీట్, అంటే 49 సెల్సియస్ దాటింది. రెంటచింతల, రామగుండం వాళ్లు చెప్పుకునే స్థాయి ఎండ. ఈ రెండూ ఈనాటికీ రాష్ట్ర రికార్డులే. ఐదు నెలల్లో, ఒకే రాష్ట్రంలో 181 ఫారెన్‌హీట్ డిగ్రీల తేడా. ఒక్క రోజులో మారడం కూడా ఇక్కడ కొత్త కాదు. 1918 ఫిబ్రవరి 21న గ్రాన్‌విల్ అనే ఊళ్లో తెల్లవారుజామున మైనస్ 33 ఉన్నది సాయంత్రానికి 50కి చేరింది, రెండూ ఫారెన్‌హీట్‌లోనే.

అయితే రికార్డులు చూసి మీ రోజులు లెక్క వేసుకోకండి. మామూలు జనవరిలో బిస్మార్క్ చుట్టుపక్కల పగలు 20ల్లో, రాత్రి సున్నాకి కొంచెం అటూ ఇటూ ఉంటుంది, ఫారెన్‌హీట్‌లో. ప్రతి చలికాలంలో కొన్ని విడతలు మైనస్ 20 వరకు దిగుతుంది. ఒక్కో విడత మూడు నాలుగు రోజులు, ఒక్కోసారి వారం. మైనస్ 30 కొన్ని ఏళ్లలో వస్తుంది, కొన్ని ఏళ్లలో రానే రాదు. మీరు విన్న మైనస్ 40 చాలా మటుకు విండ్ చిల్. అసలు ఉష్ణోగ్రత అంతకు దిగడం ఇప్పుడు చాలా అరుదు. (ఫారెన్‌హీటూ సెల్సియసూ కలిసే అంకె మైనస్ 40. కాబట్టి ఆ అంకె విన్నప్పుడు ఏ లెక్కలో చెప్పారో అడగక్కర్లేదు.)

విండ్ చిల్ అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. మన ఒంటి చుట్టూ ఒక పల్చటి వెచ్చని గాలి పొర ఉంటుంది. గాలి లేనప్పుడు అది మనల్ని కాపాడుతుంది. గాలి వీస్తే ఆ పొర ఎప్పటికప్పుడు కొట్టుకుపోతుంది, ఒంట్లోని వేడి వేగంగా పోతుంది. ఎంత వేగంగా పోతుందో చెప్పే లెక్కే విండ్ చిల్. ఉష్ణోగ్రత మైనస్ 20 ఫారెన్‌హీట్ ఉండి గాలి గంటకు 20 మైళ్ల వేగంతో వీస్తే, విండ్ చిల్ మైనస్ 48. ఆ గాలిలో కప్పుకోని చర్మం పది నిమిషాల్లో గడ్డకట్టడం మొదలవుతుంది. దీన్నే ఫ్రాస్ట్‌బైట్ అంటారు. అదే మైనస్ 20 గాలి కదలని పొద్దున అయితే, సరిగ్గా బట్టలు వేసుకుని పెంపుడు కుక్కను తిప్పుకొచ్చేవాళ్లను ఇక్కడ రోజూ చూస్తారు. నేషనల్ వెదర్ సర్వీస్ బిస్మార్క్ ఆఫీసు ఇలాంటి రోజులకు హెచ్చరికలు ఇస్తుంది. ముందు దాన్ని విండ్ చిల్ వార్నింగ్ అనేవాళ్లు, 2024 అక్టోబర్ నుంచి ఎక్‌స్ట్రీమ్ కోల్డ్ వార్నింగ్ అంటున్నారు. ఫోన్‌లో ఆ పేరు కనిపిస్తే పాపను బయటికి తీసుకెళ్లే పని మానుకోండి.

ఇంకో సంగతి మీకు వింతగా అనిపిస్తుంది. బాగా చలి ఉన్న రోజు ఆకాశం తళతళలాడుతూ ఉంటుంది. మబ్బు భూమికి దుప్పటిలాంటిది. మబ్బు లేని రాత్రి భూమి వేడంతా పైకి పోతుంది. కిటికీలోంచి చూస్తే ఎండ, బయట అడుగు పెడితే ముక్కులోని వెంట్రుకలు గడ్డకట్టిన బిగుతు తెలుస్తుంది. కాలి కింద మంచు కిర్రుకిర్రుమంటుంది. అలాంటి పొద్దునే సూర్యుడికి రెండు పక్కలా ఇంకో రెండు చిన్న సూర్యుళ్లు కనిపిస్తాయి. సన్ డాగ్స్ అంటారు. గాలిలో తేలే మంచు పలుకుల మీద వెలుగు విరగడం వల్ల అలా కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు కారు పక్కకు ఆపి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. మీ పాపకు తప్పకుండా చూపించండి.

ఇప్పుడు అసలు విషయం, బ్లిజార్డ్. ఎక్కువ మంచు పడితే బ్లిజార్డ్ అనుకుంటారు. అది కాదు. గంటకు 35 మైళ్లు, అంతకు మించిన గాలి, పావు మైలు దాటి ఏమీ కనిపించని స్థితి, ఇవి రెండూ మూడు గంటల పాటు ఉంటే దాన్ని బ్లిజార్డ్ అంటారు. కొత్త మంచు పడాలన్న నియమం లేదు. పొలాల్లో ముందే పడి ఉన్న పొడి మంచును గాలి లేపితే చాలు. అది గ్రౌండ్ బ్లిజార్డ్. ఇక్కడ మంచు ఎక్కువ పడదు. బిస్మార్క్‌లో చలికాలం మొత్తానికి 50 అంగుళాల చుట్టుపక్కల పడుతుంది. కానీ చలికి అది పిండిలా పొడిగా ఉంటుంది, చాలా రోజులు కరగదు, అదే మంచు పదిసార్లు ఎగురుతుంది.

నాకు జరిగింది చెబుతాను. ఒక మార్చి నెలలో జేమ్స్‌టౌన్ నుంచి ఇంటికి వస్తున్నాను. తల పైన ఆకాశం నీలంగా ఉంది. ముందు రాత్రి నాలుగు అంగుళాల మంచు మాత్రమే పడింది. "ఎండ ఉంది కదా" అని బయల్దేరాను. టాపెన్ దాటాక వాయవ్యం గాలి లేచింది. ఐదు నిమిషాల్లో కారు బానెట్ చివర కనిపించలేదు. పైకి చూస్తే నీలం ఆకాశం, ముందుకు చూస్తే తెల్లగోడ. రోడ్డు పక్కకు దిగి డ్రిఫ్ట్‌లో, అంటే గాలికి పేరుకున్న మంచు కుప్పలో, ఇరుక్కున్నాను. దిగి నడుద్దామా అన్న ఆలోచన వచ్చింది. ఆఫీసులో పెద్దాయన ఒకరు చెప్పిన మాట గుర్తొచ్చి ఆగాను: "కారు దొరుకుతుంది, నడిచి వెళ్లిన మనిషి దొరకరు." నాలుగు గంటల తరువాత నన్ను బయటికి తీశారు. ఆ నాలుగు గంటలూ గంటకు పది నిమిషాలు ఇంజన్ వేసుకుని, ప్రతిసారీ వెనకవైపు పొగగొట్టం దగ్గర మంచు తీసి, కూర్చున్నాను. పొగగొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ కారులోకి వస్తుంది, దానికి వాసన ఉండదు. ఇది దయచేసి మీవారికి కూడా చెప్పండి.

ఈ నేల మీద గాలి ఏం చేయగలదో ఇక్కడివాళ్లకు తరతరాలుగా తెలుసు. 1920 మార్చిలో సెంటర్ అనే ఊరి దగ్గర బడి నుంచి ఇంటికి వెళ్తూ ముగ్గురు పిల్లలు మంచు తుపానులో చిక్కుకున్నారు. పెద్దమ్మాయి హేజెల్ మైనర్‌కు 15 ఏళ్లు. స్లెడ్జి బండి తిరగబడితే తమ్ముణ్ణీ చెల్లెల్నీ దుప్పట్లలో చుట్టి, తన కోటు విప్పి కప్పి, వాళ్ల మీద పడుకుంది. మర్నాడు వెతికేవాళ్లు వచ్చేసరికి చిన్నవాళ్లిద్దరూ బతికి ఉన్నారు, ఆమె లేదు. ఆ ఊరి కోర్టు ముందు ఆమె స్మారకం ఉంది. 1966 మార్చి బ్లిజార్డ్ తరువాత జేమ్స్‌టౌన్ దగ్గర తీసిన ఒక ఫొటోలో, మంచు మీద నిలబడిన మనిషి పక్కన కరెంటు స్తంభం పైభాగం మాత్రమే కనిపిస్తుంది. గమనించారా, అన్నీ మార్చి నెలవే. మన దగ్గర శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది. ఇక్కడ శివరాత్రి తరువాత కూడా పెద్ద బ్లిజార్డులు వస్తాయి. 2022లో ఏప్రిల్ నడిమధ్యన వచ్చినదానికి రాష్ట్రం పడమటి సగం రోజుల తరబడి నిలిచిపోయింది. ఉగాది అయిపోయింది కదా అని కారులోంచి దుప్పట్లు తీసేయకండి.

అందుకని రోడ్డు గురించి. బయల్దేరే ముందు రాష్ట్ర రవాణా శాఖ రోడ్ల మ్యాప్ చూడటం అలవాటు చేసుకోండి. "నో ట్రావెల్ అడ్వైజరీ" అని ఉంటే, డ్యూటీకి సెలవు దొరకదన్నా సరే ఇంట్లోనే ఉండాలి. బ్లిజార్డులో 94వ నంబరు ఇంటర్‌స్టేట్‌ను బిస్మార్క్ దగ్గర, జేమ్స్‌టౌన్ దగ్గర గేట్లు దించి మూసేస్తారు. స్టీల్ ఆ రెండింటి నడుమ ఉంది, అంటే మీరు అటూ ఇటూ కదలలేరు. రాత్రుళ్లు మంచు తోసే బళ్లు సాధారణంగా తిరగవు. మీవారికి ఆసుపత్రిలో డ్యూటీ కాబట్టి, తుపాను ముందు రోజే వెళ్లి అక్కడే పడుకునే ఏర్పాటు గురించి చేరేటప్పుడే మాట్లాడుకోమనండి. ఇక్కడ డాక్టర్లు, నర్సులు చాలామంది అలాగే చేస్తారు.

కారుకు ఇంజన్ బ్లాక్ హీటర్ పెట్టించండి. ఇక్కడ కార్ల ముందు భాగంలోంచి కరెంటు ప్లగ్గు వేలాడుతూ కనిపిస్తుంది, అది దాని తీగ. రాత్రి ప్లగ్గు పెడితే పొద్దున ఇంజన్ సులభంగా లేస్తుంది. చలికి బ్యాటరీ బలం సగానికి పడిపోతుంది కాబట్టి హ్యూస్టన్ ఎండకు అలిసిపోయిన పాత బ్యాటరీతో మాత్రం రావద్దు. వింటర్ టైర్లు, సున్నా కింద కూడా గడ్డకట్టని వాషర్ ద్రవం, ట్యాంకులో ఎప్పుడూ సగానికి పైన పెట్రోలు. డిక్కీలో ఒక పార, దుప్పట్లు, కొవ్వొత్తి, అగ్గిపెట్టె, తినడానికి ఏవైనా, ఫోన్ చార్జర్, ఎరుపు గుడ్డ. మా కారులో చలికాలమంతా వేరుశెనగ ఉండలు ఉంటాయి. అవి గడ్డకట్టవు, కడుపు నిండుతుంది.

పాప గురించి ఒక ముఖ్యమైన సంగతి, చాలామందికి తెలియదు. లావు కోటు వేసి కార్ సీట్లో బెల్టు పెట్టకూడదు. కోటులోని దూది గుద్దుకున్నప్పుడు అణిగిపోతుంది, బెల్టు వదులైపోతుంది. పల్చటి ఊలు చొక్కా వేసి బెల్టు బిగించి, కోటును పైన దుప్పటిలా కప్పండి. బట్టలు ఒక్క లావుపాటిది కాకుండా మూడు పొరలుగా వేయండి: లోపల ఒంటికి అంటుకుని ఉండేది, నడుమ ఊలు, పైన గాలి చొరనిది. చేతికి వేళ్లు విడివిడిగా ఉండే గ్లౌజుల కన్నా అన్ని వేళ్లూ కలిసే మిట్టెన్లు వెచ్చగా ఉంటాయి. బడికి వేశాక ఒక మాట వింటారు, "స్టార్మ్ హోమ్". పల్లె నుంచి బస్సులో వచ్చే పిల్లలు తుపాను వస్తే ఇంటికి వెళ్లలేరు కాబట్టి, ఊళ్లో ఎవరింట్లో ఆగాలో ముందే రాసి ఇవ్వాలి. ఊరికి కొత్తవాళ్లం, ఎవరిని అడుగుతాం అని మొహమాటపడకండి. అడిగితే ఇక్కడివాళ్లు సంతోషంగా ఒప్పుకుంటారు.

ఇంట్లో మీకు చలి ఉండదు. ఉండేది పొడితనం. బయటి చల్లగాలిలో తేమ దాదాపు ఉండదు, అదే గాలి ఫర్నేసులో వేడెక్కి ఇంట్లోకి వస్తుంది. పెదవులు పగులుతాయి, పిల్లలకు ముక్కులోంచి రక్తం వస్తుంది, తలుపు పిడి పట్టుకుంటే షాక్ కొడుతుంది. పడక గదిలో హ్యుమిడిఫయర్ పెట్టండి. కొబ్బరినూనె సీసా అక్టోబర్ నుంచి మే దాకా గడ్డగానే ఉంటుంది. పెరుగు వంటగది బల్ల మీద తోడుకోదు, దోసెల పిండి పొంగదు. ఓవెన్ వెలిగించకుండా లోపలి బల్బు మాత్రం వేసి రాత్రంతా అందులో పెట్టండి, రెండూ చక్కగా వస్తాయి. ఊరి బయట ఇల్లు తీసుకుంటే ప్రొపేన్ ట్యాంకు ఎండాకాలంలోనే నింపించుకోండి. బ్లిజార్డ్ అయ్యాక ఫర్నేసు గాలి గొట్టాలు మంచుతో మూసుకుపోయాయేమో బయటికి వెళ్లి చూడాలి.

ఇల్లు వెతికేటప్పుడు ఉత్తరం, పడమర వైపు చెట్ల వరుస ఉందా చూడండి. వాటిని షెల్టర్‌బెల్ట్ అంటారు. 1930ల కరువులో పొలాల మట్టి గాలికి లేచిపోతుంటే, 1934లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ నార్త్ డకోటా నుంచి టెక్సాస్ దాకా చెట్ల వరుసలు నాటించే పథకం మొదలుపెట్టారు. అప్పటి వరుసలు ఇంకా అక్కడక్కడా నిలబడి ఉన్నాయి. చెట్ల వరుస ఉన్న ఇంటికీ లేని ఇంటికీ వాకిట్లో పేరుకునే మంచులో ఎంత తేడా ఉంటుందో మొదటి జనవరిలోనే తెలుస్తుంది.

వసంతం గురించి పెద్దగా చెప్పేది లేదు. ఏప్రిల్ అంతా బురద. నేల నాలుగైదు అడుగుల లోతు దాకా గడ్డకట్టి ఉంటుంది, పైపొర కరిగినా నీరు దిగదు. గ్రావెల్ రోడ్లు మెత్తబడి, బరువైన లారీలకు ఆంక్షలు పెడతారు. ఒక్కటి మాత్రం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే: ప్రతి వసంతంలో పొలంలో కొత్త రాళ్లు పైకి వస్తాయి. నేల గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టే క్రమంలో లోపలి రాళ్లను కొంచెం కొంచెంగా పైకి నెడుతుంది. విత్తే ముందు రైతు కుటుంబం అంతా రాళ్లు ఏరుతుంది.

ఆ రాళ్లు తెచ్చింది హిమనదం. పదీ పన్నెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ మంచు పలక కరిగినప్పుడు, దాని ముక్కలు మట్టిలో కూరుకుపోయి, అవి కరిగిన చోటల్లా గుంటలు పడ్డాయి. ఆ గుంటల్లో నీరు నిలుస్తుంది. ఇక్కడివాళ్లు వాటిని స్లూ అంటారు. కిడర్ కౌంటీ అంతా ఇలాంటి కుంటలే. ఖండంలోని బాతుల్లో చాలా భాగం ఈ కుంటల ప్రాంతంలోనే పుడతాయి. జూన్, జులైలో దోమలు కూడా ఇక్కడే పుడతాయి, వెస్ట్ నైల్ జ్వరం ఉంది కాబట్టి సాయంత్రాలు పాపకు పొడుగు చేతుల చొక్కా వేయండి. గడ్డిలో ఆడుకున్నాక టిక్స్ (పిడుదులు) పట్టాయేమో తల వెనక, చెవుల వెనక చూడండి.

ఎండాకాలం మాత్రం మనసు నింపుతుంది. జూన్‌లో పగలు దాదాపు 16 గంటలు. సాయంత్రం తొమ్మిదిన్నర దాటాక గాని పొద్దు పోదు. (డిసెంబర్‌లో దీనికి తిరగేసి: ఎనిమిదింటి తరువాత తెల్లవారి, ఐదింటికి చీకటి. ఆ నెలల్లో మనసు దిగాలుగా ఉంటే అది మీ తప్పు కాదు. విటమిన్ డి పరీక్ష చేయించుకోండి, మధ్యాహ్నం వెలుగులో కాసేపు నడవండి.) జులైలో పగలు 85 ఫారెన్‌హీట్ దగ్గర, రాత్రి 60 లోపు. హ్యూస్టన్ ఉక్కపోత గుర్తుకు కూడా రాదు. కొన్ని ఏళ్లలో కెనడా అడవుల కార్చిచ్చు పొగ వారాల తరబడి కమ్మేస్తుంది. 2021లో, 2023లో అలా జరిగింది. ఆ రోజుల్లో కిటికీలు మూసుకోవాలి.

ఈ కాలంలో భయం సాయంత్రం ఉరుములది. వడగళ్లు కోతకు వచ్చిన గోధుమను పది నిమిషాల్లో నేలపాలు చేస్తాయి. టోర్నడోలు టెక్సాస్, ఓక్లహోమాలవే అనుకోకండి. 1957 జూన్ 20న ఫార్గోను తాకినదాన్ని పరిశోధించిన శాస్త్రవేత్త ఫుజిటా తరువాత టోర్నడోల కొలమానం తయారుచేశారు. 2025లో సరిగ్గా అదే జూన్ 20న తూర్పున ఎండర్లిన్ దగ్గర వచ్చినదానికి ముగ్గురు చనిపోయారు. దాన్ని అన్నిటికంటే పై స్థాయి, ఈఎఫ్5 అని తేల్చారు. అమెరికాలో ఆ స్థాయి టోర్నడో 2013 తరువాత అదే మొదటిది. ఇంటికి బేస్‌మెంట్ తప్పనిసరిగా ఉండాలని అందుకే అంటున్నాను.

వాన గురించి చెప్పకుండా నేను ఉండలేను, నా పని అదే. ఈ ప్రాంతంలో ఏడాదికి సుమారు 18 అంగుళాలు, అంటే 450, 460 మిల్లీమీటర్లు. మా అనంతపురంలో 550 దాకా. అంటే కరువు జిల్లా అని పేరుపడ్డ మా ఊరికన్నా ఇక్కడ తక్కువ వాన పడుతుంది! అయినా గోధుమ, సోయా, పొద్దుతిరుగుడు పండుతాయి, పశువులకు గడ్డి ఉంటుంది. దీనికి కారణం వాన పడే సమయం. ముప్పావు వంతు ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ లోపు, పైరు పెరిగే కాలంలోనే పడుతుంది. అన్నిటికన్నా ఎక్కువ జూన్‌లో, మన మృగశిర కార్తె రోజుల్లో. ఆరు నెలలు చలి కాబట్టి నేల లోంచి నీరు ఆవిరైపోదు. వేల ఏళ్లు గడ్డి పెరిగి కుళ్లిన నల్లమట్టి కాబట్టి పదును పట్టి ఉంచుతుంది. మా ఎర్రనేలలకు ఈ మూడూ లేవు. చిన్నప్పుడు మా నాన్న ఆకాశం చూస్తూ వాకిట్లో నిలబడటం నాకు గుర్తు. ఇక్కడి రైతు కూడా మే నెలలో అచ్చం అలాగే నిలబడతాడు, ఎందుకంటే ఆ జూన్ వాన తప్పితే ఇక్కడా కరువే. 2017లో అలా కొన్ని వారాల్లోనే పచ్చిక ఎండిపోయింది. 2021లో మేత లేక మందల్ని అమ్ముకున్నారు. ఇంకోవైపు 1993 నుంచి వచ్చిన తడి ఏళ్లకు, బయటికి దారి లేని డెవిల్స్ లేక్ 30 అడుగుల దాకా పెరిగి పొలాల్నీ రోడ్లనూ మింగేసింది.

వాతావరణం మారుతోందా అంటే, మారుతోంది. 20వ శతాబ్దం మొదటి నుంచి ఈ రాష్ట్రం సుమారు 2.6 ఫారెన్‌హీట్ డిగ్రీలు వేడెక్కింది. అందులో ఎక్కువ వాటా చలికాలానిదే. చలి తగ్గితే మంచిదే కదా అని మీకు అనిపించవచ్చు. నాకు అలా అనిపించడం లేదు. పొడి మంచు పడాల్సిన డిసెంబర్‌లో వాన పడి, గడ్డకడితే రోడ్డు అద్దంలా అవుతుంది. 2023 క్రిస్మస్ రోజుల్లో జేమ్స్‌టౌన్ వైపు అలాగే ఐసు బరువుకు తీగలు తెగి చాలా ఇళ్లకు కరెంటు పోయింది. మంచు మీద నడపడం కంటే ఐసు మీద నడపడం కష్టం. మీవారు మంచులో బండి నడపడం ఖాళీ పార్కింగ్ స్థలంలో ఒకటి రెండు రోజులు సాధన చేయాలి, ఐసు ఉన్న రోజు మాత్రం అసలు తీయకూడదు.

ఇక సెప్టెంబర్, అక్టోబర్. ఏడాదిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వారాలు. దోమలు పోతాయి. స్టీల్‌లో రోడ్డు పక్కన 40 అడుగుల కొంగ బొమ్మ చూస్తారు, శాండ్‌హిల్ క్రేన్‌ది. అక్టోబర్‌లో దక్షిణానికి వలస పోయే ఆ పక్షులు లాంగ్ లేక్ దగ్గర వేలల్లో దిగుతాయి. తెల్లవారుజామున వెళ్లండి, కనిపించే ముందే అరుపులు వినిపిస్తాయి. అవి వెళ్లిపోయాయంటే మంచుకు ఎక్కువ రోజులు లేదని మా పొరుగు రైతులు అంటారు.

ఒక విషయం మీ వేవర్ గురించి. ఆ "కాన్రాడ్ 30" పేరు ఈ రాష్ట్రం నుంచి సెనేటర్‌గా ఉన్న కెంట్ కాన్రాడ్‌ది. 1994లో ఆ ఏర్పాటు వచ్చింది, ఇలాంటి పల్లెలకు డాక్టర్లు దొరక్కపోవడం వల్లే. కిడర్ కౌంటీ మొత్తంలో ఉండేది సుమారు 2,400 మంది. మీవారి కోసం అక్కడివాళ్లు నిజంగా ఎదురుచూస్తుంటారు. మొదటి మంచుకు మీ వాకిలి ఎవరో వచ్చి చెప్పకుండానే శుభ్రం చేసి వెళ్తే ఆశ్చర్యపోకండి. నాకు అలాగే జరిగింది.

నవంబర్‌లో దిగిన మొదటి వారంలోనే బ్లాక్ హీటర్, టైర్ల పని పూర్తి చేయండి. పాప బూట్లు, స్నో ప్యాంటు బిస్మార్క్‌లోనే కొనండి, హ్యూస్టన్‌లో దొరికేవి ఇక్కడి గాలికి ఆగవు. తోట గురించి కూడా అడిగారు కదా. ఇక్కడ మొక్కల్ని చంపే మంచు పడని రోజులు 120 దాకానే, మే చివరి నుంచి సెప్టెంబర్ నడుమ వరకు. గోంగూర, తోటకూర నేరుగా విత్తవచ్చు. వంకాయ, మిరప, సొర ఏప్రిల్‌లో ఇంట్లో కిటికీ దగ్గర నారు పోసుకోవాలి. కరివేపాకు కుండీలోనే, ఎండాకాలం బయట, మిగతా కాలం లోపల. నా దగ్గర పదేళ్లుగా ఇక్కడి నేలలో పండించి దాచిన గోంగూర విత్తనం ఉంది. మార్చిలో ఒకసారి గుర్తు చేయండి, పొట్లం కట్టి పంపిస్తాను.